కిటికీ కింద రెండు రంధ్రాలు

2022 నవంబరు. నాలుగు రోజులుగా ముసురు వదలడం లేదు. తోటపల్లి గూడూరు మండలంలో, సముద్రానికి దగ్గరగా, రొయ్యల గుంటల మధ్య కట్టిన ఒక కొత్త ఇంటి నుంచి నాకు ఫోను వచ్చింది. ఇంటి యజమాని పెంచలయ్య. మూడేళ్ల ముందు ఆ ఇంటికి కిటికీలూ తలుపులూ బిగించింది నేనే. నెల్లూరులో నాకు చిన్న వర్క్‌షాపు ఉంది. యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ ఫ్రేములతో కిటికీలు చేయడం, బిగించడం, చెడిపోతే బాగు చేయడం ఇరవై ఏళ్లుగా నా పని.

"అన్నా, మా అమ్మ గది కిటికీ ఏడస్తా ఉండాది," అన్నాడు పెంచలయ్య.

నేను నవ్వాను. వానాకాలం కిటికీలు ఏడవక ఏం చేస్తాయని అడిగాను. ఆయన నవ్వలేదు. గొంతు తగ్గించి, "నీళ్లు కాదన్నా. ఎర్రగా కారతా ఉండాది," అన్నాడు.

ఇక్కడ నా పని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఆ ఇంట్లో పెట్టినవి డబుల్ గ్లేజింగ్ కిటికీలు. అంటే ఒక అద్దం కాదు, రెండు అద్దాలు. వాటి మధ్య వేలి మందం కన్నా తక్కువ ఖాళీ. చుట్టూ అంచుల్లో సీల్ వేసి, లోపల పొడిగాలి బంధిస్తారు. చప్పుడు తగ్గుతుంది, ఏసీ చల్లదనం బయటికి పోదు. రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు రాత్రింబగళ్లు మోగుతూనే ఉంటాయి. కరెంటు పోతే జనరేటరు. ఆ మోత మధ్య కాపురం ఉండేవాళ్లకు ఈ కిటికీ విలాసం కాదు, అవసరం. అయితే ఆ అంచు సీల్ పాడైతే అద్దాల మధ్యకి తేమ చేరుతుంది. ఆ మసకని లోపలి నుంచి తుడిచినా పోదు, బయటి నుంచి తుడిచినా పోదు. మొత్తం అద్దాల జత మార్చాల్సిందే.

మసక సంగతి సరే. మరి ఎరుపు? నాకు అదేమీ భయం పుట్టించలేదు, సరదా పుట్టించింది. ఇరవయ్యో ఏట నుంచి నేను హేతువాద సభల్లో తిరిగినవాణ్ణి. పసుపునీళ్లలో సున్నం కలిపి నెత్తురు చూపించే బాబాల ఆట ఎన్ని ఊళ్లలో కట్టించామో లెక్కలేదు. అరచేతిలో కర్పూరం వెలిగించి ఎంతమంది పిల్లల చేత చప్పట్లు కొట్టించానో. 'ఎర్రగా కారుతోంది' అన్న మాట వినగానే, వేదిక మీద మైకు అందుకున్న మనిషిలా అయిపోయాను.

వ్యానులో నా పక్కన మస్తాన్ ఉన్నాడు. అద్దాలు కోయడంలో మా జిల్లాలో అంత పనితనం ఉన్న మనిషి లేడు. నాకంటే రెండేళ్లు చిన్న. ఐదు పూటలా నమాజు చేస్తాడు, ఏటా దర్గాలో గంధం మొక్కు తీర్చుకుంటాడు. ఇరవై ఏళ్లుగా అదే వ్యానులో మేమిద్దరం దేవుడున్నాడా లేడా అని పోట్లాడుకుంటూ ఊళ్లు తిరిగాం. ఆ రోజు దారంతా నేనే మాట్లాడాను. అతను వానలో కనపడని రోడ్డు వెతుక్కుంటూ ఉన్నాడు.

ఇంటికి చేరేసరికి నా సరదా దిగిపోయింది.

తూర్పు వైపున ఉన్న ఆ గదిలోంచి పెంచలయ్య తల్లి కామాక్షమ్మ మంచం తీయించేసింది. కిటికీ గట్టు మీద మూడు నిమ్మకాయలు, కుంకుమ గీత. రెండు అద్దాల మధ్య కింది సగమంతా పాలపొరలాంటి మసక. ఫ్రేము లోపలి అంచు నుంచి గోడ మీదికి నాలుగైదు ఎర్రటి చారలు. కొన్ని ఎండి నల్లబడ్డాయి, ఒకటి ఇంకా తడిగా ఉంది.

పెంచలయ్య చెప్పిన సంగతి ఇది. ఆ కిటికీ బయట అరుగు మీద రోజూ పది గంటలకి పోలమ్మ అనే చేపలామె గంప దించుతుంది. సముద్రం ఒడ్డున పట్టపుపాలెం ఆమెది. రెండు నెలల ముందు కానాగంత చేపలు మెత్తబడ్డాయని, పోర్టు వైపు నుంచి తెచ్చిన ఐసు చేపని పొద్దుటి వేట అని అమ్ముతోందని కామాక్షమ్మ నలుగురిలో అంది. పోలమ్మ ఊరుకోలేదు. చేపకేమీ కాలేదు, నీ కళ్లకే మసక కమ్మిందని అని గంప ఎత్తుకుని పోయింది. మూడు వారాల్లో అదే అరుగు పైన, అదే కిటికీకి మసక పట్టింది. ఆ నెలలోనే రెండు గుంటల్లో రొయ్య తెల్లమచ్చ తెగులుతో తేలిపోయింది. తర్వాత వానలు మొదలై ఈ ఎరుపు. అంజనం వేసే మనిషిని పిలిపిస్తే, తల మీద బరువు మోసుకొచ్చే ఆడమనిషి పని అన్నాడట.

ఇంకేం కావాలి? ఊరి పెద్దలు కూర్చున్నారు. శుక్రవారం పది గంటలకి, అంటే మరుసటి రోజే, పోలమ్మ అమ్మవారి గుడి ముందు చేతిలో కర్పూరం ఆర్పి ప్రమాణం చేయాలి. చేయకపోతే చేతబడి చేసినట్టే. ఆ ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల మరో మూడు ఊళ్లలోనూ ఆమె గంప దించడానికి వీల్లేదు. ఈ మాట ఆమె పాలెం దాకా పోయింది. అక్కడి కాపులు, అంటే పాలెం కులపెద్దలు కూడా, ఊళ్లతో తగవు మాకెందుకు, పోయి ప్రమాణం చేసి రమ్మన్నారు. ఆమె చేయనంది.

నాకు నెత్తురు ఉడికింది. రొయ్య చస్తే మేతని అనుమానించరు, గుంటలో వదిలిన రొయ్యపిల్లల సీడుని అనుమానించరు, నీళ్లని పరీక్షకి పంపరు. గంప మోసే ఆడదాన్ని అనుమానిస్తారు. కర్పూరం ఎప్పుడూ కిందివాడి అరచేతిలోనే ఎందుకు వెలుగుతుంది? రొయ్యల మేత అమ్మినవాడి చేతిలో ఒక్కసారైనా వెలిగిందా? ఈ మాటలన్నీ ఆ గదిలో నిలబడి అన్నాను. ఇంకా చాలా అన్నాను. తేమ అంటే ఏమిటో, ఏసీ గదిలో ఆవిరి ఎందుకు చేరుతుందో చెప్పాను. అంచు సీల్ పోయిందని, అది అద్దాల జత తయారు చేసినవాళ్ల లోపమని తేల్చేశాను. ఎరుపు అంటారా, అది తుప్పు, బయటి గ్రిల్లు నుంచి కారింది అని ముగించాను.

కామాక్షమ్మ గుమ్మం దగ్గర నిలబడి అంతా వింది. డెబ్బై దాటిన మనిషి. ఆమె కిటికీ దగ్గరికి వచ్చి పక్క తలుపు తీసి, గ్రిల్లు మీద వేలు రాసి, ఆ వేలు నాకు చూపించింది.

"ఇది స్టీలు గ్రిల్లు అబ్బయ్యా. నువ్వే పెట్టించినావు, తుప్పు పట్టదని. యాడ పట్టింది తుప్పు?"

వేలు శుభ్రంగా ఉంది. ఇన్నేళ్ల సభల్లో ఇంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. తుప్పు అంటే ఇనుము ఉండాలి, ఇనుము చూపించమంటోంది ఆమె. నేను చూపించలేకపోయాను.

ఆమె అక్కడితో ఆగలేదు. "అయినా నువ్వే కదయ్యా చెప్పింది, దాన్ని లోపలేసి మూసేసినానని. లోపలుండేది బయటికొస్తా ఉండాది."

మొదట అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. గుర్తొచ్చాక అక్కడ నిలబడలేకపోయాను. బయటి నుంచి చూసి వస్తానని చెప్పి వానలోకి నడిచాను.

రెండేళ్ల ముందు ఇదే కిటికీ కోసం నన్ను పిలిపించారు. తూర్పు గాలి గట్టిగా వీచినప్పుడు కిటికీ కింది నుంచి ఊళ వినిపిస్తోందని, ముసలామెకి నిద్ర పట్టడం లేదని ఫిర్యాదు. ఎక్కడో గుడ్లగూబ కూసినట్టుందని ఆమె భయపడింది. నాకు తొందర. కృష్ణపట్నంలో ఇంకో పని ఉంది. చూస్తే ఫ్రేము కింది అంచున బయటి వైపు ఉండే రెండు రంధ్రాల్లోంచి గాలి దూరి ఈల వేస్తోంది. సందులు పూడ్చే సిలికాన్ ట్యూబు తీసి రెండూ నింపేశాను. ఈల ఆగింది. ముసలామె దండం పెట్టబోతే నాకు వేళాకోళం వచ్చింది. "దయ్యాన్ని లోపలేసి సీలు వేసేసినానమ్మా, ఇంక బయటికి రాదు," అన్నాను. అందరూ నవ్వారు. ఆమె నవ్విందో లేదో నేను చూడలేదు.

బయట అరుగు దగ్గర మస్తాన్ ముందే నిలబడి ఉన్నాడు. చేత్తో ఏమీ చూపించలేదు. ఫ్రేము కింది అంచు వైపు చూస్తున్నాడు, అంతే.

"అన్నా, ఆ బొక్కలు మనమే మూసినాం కదా."

కాదన్నాను. మూసినా దానికీ దీనికీ సంబంధం లేదన్నాను. సీల్ కంపెనీ లోపమన్నాను. మస్తాన్ వాదించలేదు. అతను వాదించకపోతే నాకు ఇంకా కష్టం.

ఆ రంధ్రాలని మా పనిలో వీప్ హోల్స్ అంటారు. ఎంత బాగా బిగించినా వానజల్లు రబ్బరు గ్యాస్కెట్ దాటి కొంత లోపలి గాడిలోకి దిగుతుంది. ఆ నీళ్లు బయటికి పోయే దారి అదే. ఆ దారి మూస్తే నీళ్లు గాడిలో నిలుస్తాయి. అద్దాల జత కింది అంచు ఆ నీళ్లలో నానుతుంది. రెండు వానాకాలాలు నానితే ఏ కంపెనీ సీలైనా ఊడుతుంది. ఇది మా పనిలో మొదటి రోజు నేర్చుకునే పాఠం. నేను ఎంతోమందికి చెప్పిన పాఠం. గాలి ఈల వేస్తే రంధ్రం మూయకూడదు. దాని మీద గాలి నేరుగా దూరకుండా చిన్న మూత పెట్టాలి. ఆ రోజు నా సంచిలో మూతలు లేవు. సిలికాన్ ఉంది.

మరి ఇనుము? అదీ తెలిసింది. ప్లాస్టిక్ ఫ్రేము లోపల బలం కోసం ఒక స్టీలు పట్టీ దాచి ఉంటుంది, గ్రిల్లులా తుప్పు పట్టని రకం కాదు, మామూలు ఇనుపది. దానికి వేరే గది, నీళ్లు తగలవు. కానీ మొదట బిగించినప్పుడు, కామాక్షమ్మకి లోపలి తాళం మీద నమ్మకం లేక, కింద అదనంగా ఒక గడియ అడిగింది. నేను ఆ గాడిలోంచే స్టీలు దాకా స్క్రూలు దించాను. నీళ్లు నిలవనంత కాలం ప్రమాదం లేదు. నిలిచాక ఆ స్క్రూ కంతల్లోంచి ఉప్పుగాలి కలిసిన నీళ్లు స్టీలుకి చేరాయి. తుప్పు కలిసి, గాడి నిండి, లోపలి గోడ మీదికి పొర్లాయి.

సంచిలోంచి సన్నటి తీగ తీసి ఒక రంధ్రంలో సిలికాన్ పక్కగా గుచ్చాను. తీగ మొనకి ఎర్రటి చుక్క వచ్చింది.

"అంతా ఇప్పుడే తీసేస్తే పోదా అన్నా?" అన్నాడు మస్తాన్. అడిగాడే గాని అతనికీ తెలుసు. ఎవరూ చూడకుండా నీళ్లు వదిలేస్తే కిటికీ బాగవుతుంది. గెలుపు అంజనం వేసినవాడిది అవుతుంది. చేతబడి దిగిందని అంటారు, చేసినది పోలమ్మే అని ఖాయమవుతుంది. అందరి ముందూ తీయాలి. తీస్తే నేను మూశానని చెప్పాలి.

కంపెనీ లోపమని చెప్పి కూడా తీయవచ్చు. ఆ ఆలోచన నాకు వచ్చింది. రాలేదని రాస్తే ఇది రాయడం దండగ. ఆ మండలంలో నాకు మరో పది ఇళ్ల పని ఉంది. పైగా ఊళ్లో నన్ను 'దేవుడు లేడనే మేస్త్రీ' అంటారు. నేను తప్పు చేశానంటే, నా మాటలన్నీ తప్పేనని నవ్వరా? మంచి ఆశయం కోసం చిన్న నిజం దాస్తే తప్పేమిటి? ఈ చివరి వాదన ఎక్కడో విన్నట్టనిపించింది. బాబాల శిష్యులు నాతో అచ్చం ఇలాగే వాదించేవాళ్లు.

వ్యాను ఎక్కాక మస్తాన్ తాళం తిప్పకుండా అన్నాడు. "ఇరవై ఏళ్ల నుంచి నన్ను రుజువు అడగతా ఉండావు. ఈ పొద్దు రుజువు నీ చేతిలో ఉండాది. ఏం చేస్తావో నీ ఇష్టం."

దారిలో మూడు రోడ్ల కూడలి దగ్గర పోలమ్మ కనిపించింది. గొనెపట్టా కప్పుకుని, గంప ముందు పెట్టుకుని, కొనేవాళ్లు లేక కూర్చుని ఉంది. నలభై ఐదేళ్లుంటాయి. నేను పరిచయం చేసుకుని, రేపు ప్రమాణం చేయనక్కర్లేదు, ఊరికే వచ్చి చూడమన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"చేసుంటే ఆర్పేదాన్ని సామీ, బయపడి. చేయనిదానికి నేనెందుకు ఆర్పాల? రేపు పదికి వస్తా. చేపలమ్మేదానికి వస్తా. ఇంకోదానికి కాదు."

నా సభలకి వచ్చిన ఎంతమంది ఇంత మాట అనగలిగారు? రుజువు చేయాల్సింది నింద వేసినవాడని చెప్పడానికి నాకు ముప్పై ఏళ్లుగా గంట పడుతోంది. ఆమెకి చేపల మీద ఈగలు తోలుకునేంత సేపు కూడా పట్టలేదు.

శుక్రవారం పది గంటలకి ఆ ఇంటి తూర్పు వైపు ముప్పై మంది పోగయ్యారు. గుడికి పోయే ముందు ఒక్కసారి కిటికీ చూసి పొమ్మని పెంచలయ్యతో చెప్పించాను. అరుగు దగ్గరికి ఎవరూ రావడం లేదు. పోలమ్మ వచ్చింది. జనం పక్కకి జరిగారు. ఆమె నేరుగా వచ్చి గంప రోజూ దించే చోటే దించింది.

నేను సన్న బ్లేడుతో మొదటి రంధ్రంలోని సిలికాన్ కోసి లాగాను. ఎర్రటి నీళ్లు ఒక్కసారిగా బయటికి చిమ్మి, గోడ మీదుగా అరుగు మీదికి, గంప అంచు దాకా పారాయి. జనం వెనక్కి తగ్గారు. ఎవరో అమ్మవారిని తలచుకున్నారు. ఒకాయన, చూసినారా, ఆమె గంప దించంగానే వచ్చింది అన్నాడు. నేను రుజువు అనుకున్నదే వాళ్లకి ఎదుటివైపు రుజువైంది. ఆ క్షణంలో ఉపన్యాసం పనికిరాదని అర్థమైంది. సిలికాన్ ముక్కని పైకెత్తి పట్టుకున్నాను.

"దీన్ని రెండేళ్ల ముందు ఇక్కడ పెట్టింది నేను. ఇది పెట్టకూడదు. నీళ్లు పోయే దారి నేను మూసినాను."

తర్వాత మస్తాన్, నేను కలిసి అద్దాన్ని పట్టి ఉంచే పట్టీలు ఊడదీసి, మసక పట్టిన అద్దాల జతని బయటికి తీశాం. గడియ విప్పాం. గాడిని కొంత కోసి, లోపలి స్టీలు పట్టీ చూపించాం. పొరలు పొరలుగా తుప్పు లేచి ఉంది. మస్తాన్ దాని మీద అయస్కాంతం పెడితే ఠక్కుమని అతుక్కుంది. రెండో రంధ్రం కూడా తెరిచి, గాడిలో చెంబుడు మంచినీళ్లు పోయమని పెంచలయ్యకే ఇచ్చాను. మొదట ఎర్రగా, తర్వాత పసుపుగా, నాలుగో చెంబుకి తేటగా బయటికి వచ్చాయి.

రొయ్యల సంగతి ఏమిటని ఎవరో అడిగారు. నాకు తెలియదు, నీళ్లూ రొయ్యా ల్యాబులో ఇచ్చి కనుక్కోండని చెప్పాను. తెలియదు అన్న మాట ఆ ఊళ్లో నేను అనడం అదే మొదటిసారి.

కామాక్షమ్మ తుప్పు పట్టీ మీద వేలు రాసి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"మరి ఆ పొద్దు దయ్యాన్ని మూసినానని ఎందుకు చెప్పినావు?"

"ఎగతాళికి చెప్పినానమ్మా."

"నాకు ఎగతాళి అని తెలవదు కదా నాయనా. పని చేసిన మనిషివి, నిజమనుకున్నా."

ఆమె మూఢురాలని నేను అనుకున్నాను. ఆమె నమ్మింది దయ్యాన్ని కాదు, పని తెలిసినవాడి మాటని. ఆమె భయానికి జవాబు చెప్పాల్సిన చోట నేను నవ్వాను. ఆ నవ్వు వాళ్లింట్లో రెండేళ్లు ఉండి, అక్కడి నుంచి బయల్దేరి ఒక చేపలామె గంప దాకా పోయింది.

పెద్దలు ఇంక ప్రమాణం అక్కర్లేదన్నారు. అంత పెద్ద మనసుతో. పెంచలయ్య తల దించుకుని, మనసులో పెట్టుకోబాక అక్కా అన్నాడు. జనం పలచబడుతుంటే పోలమ్మ కదల్లేదు. అరుగు మీద ఎర్రనీళ్లని కాలితో పక్కకి నెట్టి నన్ను పిలిచింది.

"నువ్వు ఈడ చెప్తే ఈడ విన్నారు. నా మీద మాట నాలుగు ఊళ్లు తిరిగింది, మా పాలెం దాకా పోయింది. ఆడ ఎవరు చెప్తారు?"

మస్తాన్ నా వైపు చూశాడు. నేను సిలికాన్ ముక్కలు రెండూ, తుప్పు పట్టీ ముక్క ఒకటీ సంచిలో వేసుకున్నాను. ఆమె గంప ఎత్తుకుంది. నేను వెనక నడిచాను. మా వెనకే మస్తాన్ వ్యాను.

ఇప్పుడు నేను ఏ ఇంట్లో కిటికీ బిగించినా, వెళ్లే ముందు ఇంటివాళ్ల చేత గాడిలో నీళ్లు పోయించి, అవి బయట ఏ రంధ్రంలోంచి వస్తాయో వాళ్ల కళ్లతో చూపిస్తాను. ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందూ తర్వాతా, చీపురుపుల్లతో ఆ రంధ్రాలు శుభ్రం చేయమంటాను. రబ్బరుకి కొబ్బరినూనె రాయవద్దని, సముద్రం దగ్గరి ఇళ్లలో కిటికీ కీళ్ల మీద ఉప్పుని నెలకోసారి మంచినీళ్ల గుడ్డతో తుడవమని చెబుతాను. ఎవరైనా దయ్యం అంటే నవ్వను. ఎప్పుడు, ఎక్కడ, ఏ గాలికి అని అడుగుతాను. ఆ తర్వాత నేను అంతకు ముందు అక్కడ ఏం పని చేశానో గుర్తు చేసుకుంటాను.

కానీ ఆ రోజు నేర్చుకున్నది అసలు ఇది కాదు. మొదటి ఊళ్లో మొదటి గడప దగ్గర పోలమ్మ గంప దించగానే నేను అలవాటు కొద్దీ గొంతు సవరించుకుని, మూఢనమ్మకాల చరిత్రతో మొదలుపెట్టాను. ఇంటావిడ చేతిలో గిన్నె పట్టుకుని అయోమయంగా చూస్తోంది. పోలమ్మ ఒక కానాగంత తోక పట్టుకుని తూస్తూ, నా వైపు చూడకుండానే అంది.

"అంత పొడుగు చెప్పబాక సామీ, చేప మెత్తబడతాది. నేనే మూసినా అను. చాలు."

ఆ సాయంత్రం లోపు నాలుగు ఊళ్లలో, ఆఖర్న పట్టపుపాలెంలో, ఆ రెండు మాటలే అన్నాను.